గ్యాస్ గదికి గట్టు

తాడేపల్లిగూడెంలో నేను చదివిన కళాశాలలో వాదప్రతివాద పోటీలకు ఒక నియమం ఉండేది. ఎదుటివారు సూటిగా ఒక ప్రశ్న వేస్తే గంట మోగేలోగా దానికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే మిగతా ప్రసంగం ఎంత బాగున్నా రెండు మార్కులు కోసేవారు. ఆ నియమాన్ని వాడుకోవడంలో నాకు కొంత పేరుండేది. ఆరు ప్రశ్నలు వేసి, ఎదుటివారు అయిదింటికి జవాబు చెబితే ఆరోదాన్ని పట్టుకుని కూర్చునేదాన్ని.

ఇప్పుడు ఆ బృందంలో ఉన్న పిల్లలు ఈమధ్య ఫోన్ చేసి, "అక్కా, ఆ శిక్షణ మీకు ఉద్యోగంలో ఎలా పనికొచ్చిందో రాసివ్వండి" అన్నారు. పనికొచ్చిన సంగతులు చెప్పేవారు మీకు చాలామంది దొరుకుతారు. అది పనికిరాకుండా పోయిన ఒక సంగతి నేను రాస్తాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే పదవీ విరమణ చేసి ఉండాలంటారు. నాకింకా ముప్ఫై నిండలేదు. అయితే ఆ ఉద్యోగం ముగిసింది, అందులో నేను చేసిన తప్పు మాత్రం ముగియలేదు. కాబట్టి నాకూ కొంత అర్హత ఉందనుకుంటాను.

ఏలూరులో వంటగ్యాస్ పంపిణీ చేసే ఒక ఏజెన్సీలో నాలుగేళ్లు భద్రతా తనిఖీ పని చేశాను. ఇళ్లు కాదు. పాఠశాలలు, వసతి గృహాలు, పెళ్లి మండపాలు, హోటళ్లు, అంటే పెద్ద సిలిండర్లు వాడే చోట్లు. సిలిండర్లు ఎక్కడ పెట్టారు, గొట్టాలు ఏ స్థితిలో ఉన్నాయి, గాలి ఆడుతోందా లేదా చూడాలి. లోపం ఉంటే నోటీసు ఇవ్వాలి. సరిచేశాక "లోపం సవరించబడింది" అని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేకపోతే సరఫరా ఆగిపోతుంది. ఇరవై మూడేళ్ల మనిషి చేతికి అది చిన్న అధికారం కాదు.

నాతోపాటు ఏజెన్సీలో అందరికంటే పాతవాడైన మెకానిక్ వచ్చేవారు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. ఆయన నన్ను మామూలుగా అమ్మాయి గారూ అనేవారు, నా మీద కోపమొచ్చినప్పుడు లాయరు గారూ అనేవారు. ఆయన సంచిలో రెంచీలకంటే ముందు సబ్బునీళ్ల సీసా ఉండేది. గ్యాస్ కారే చోట సబ్బునీళ్లు వేస్తే బుడగలొస్తాయి. "కాగితం అబద్ధమాడుద్దేమో గానండి, బుడగ ఆడదండి" అనేవారు. వెళ్లిన ప్రతిచోటా వంటగది గోడమీద సుద్దతో తన ఫోన్ నంబరు రాసి వచ్చేవారు. ఏజెన్సీ పేరుతో అచ్చయిన స్టిక్కర్లుండగా ఈ సుద్ద రాత ఎందుకని ఒకసారి అడిగాను. "స్టిక్కరు మీద నంబరుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటదండి. వంటావిడకి అంత ఓపికెక్కడిది?" అన్నారు.

కలిదిండి వైపు, ఎటు చూసినా చేపల చెరువులూ రొయ్యల చెరువులే ఉండే చోట, ఆడపిల్లల వసతి పాఠశాల ఒకటి ఉంది. మొదటిసారి అక్కడికి వెళ్లింది వేసవి సెలవులు అయిపోగానే, ఒక ఉదయం. వంటగది పక్కన వరండా, వరండా చివర గ్యాస్ గది. గది తలుపు తీయగానే నాకు ఎదురైనది సిలిండర్లు కాదు, గుమ్మానికి అడ్డంగా ఇటుకలతో కట్టిన మోకాలెత్తు గోడ. దాన్ని దాటితేనే లోపలికి వెళ్లగలం. లోపల నాలుగు పెద్ద సిలిండర్లు. వెనుక గోడ అడుగున నాలుగు గాలి కన్నాలు ఉండవలసిన చోట కొత్త సిమెంటు పూత.

ఇది ఎందుకు తప్పో ఒక్క ముక్కలో చెబుతాను. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్, బ్యూటేన్ రెండూ గాలికంటే బరువైనవి. కారితే అవి పైకి పోవు, నేలమీద నీళ్లలాగా పరుచుకుంటాయి. అందుకే గ్యాస్ గదికి గాలి కన్నాలు నేలకు ఆనుకుని ఉండాలి, గుమ్మం మట్టంగా ఉండాలి. ఇక్కడ కన్నాలు మూసేసి గుమ్మానికి గోడ కట్టారు. గది కాస్తా తొట్టి అయింది.

ప్రిన్సిపాల్ గారు వచ్చారు. యాభై దాటిన మనిషి, నెమ్మదిగా మాట్లాడతారు. గోడ ఎందుకు కట్టారని అడిగాను.

"కిందటేడు కొల్లేరు పొంగిందండీ. ఈ వరండాలో నడుముల్లోతు నీళ్లు" అన్నారు. "నిండు సిలిండరు నీళ్లమీద తేలుతుందని మీకు తెలుసా మేడం? నాకు తెలియదు. తేలుకుంటూ గేటు దాటి పోయాయి. ఒకటి పక్క రొయ్యల చెరువులో దొరికింది. కాపలా అతను వల వేసి లాగాడు. పెద్ద చేప పడిందనుకున్నాడంట. రెండ్రోజులు పిల్లలకి అటుకులే పెట్టాం. అందుకని కట్టించాను."

"సర్, ఆ గోడ నీళ్లని బయట ఆపుతుంది, గ్యాస్‌ని లోపల ఆపుతుంది" అన్నాను.

"మరి మళ్లీ నీళ్లొస్తే ఎక్కడ పెట్టమంటారండీ?"

అప్పటికే నలుగురైదుగురు ఉపాధ్యాయినులు వరండాలో చేరారు. శ్రోతలు కనపడగానే నాలో పాత గంట మోగింది.

"నీళ్లు ఏడాదికొకసారి వస్తాయో రావో. గ్యాస్ ఈ గదిలో రోజూ ఉంటుంది. రోజూ ఉన్న ప్రమాదాన్ని లోపల పెట్టుకుని, ఎప్పుడో రాబోయేదానికి గోడ కట్టడం ఏ లెక్కన వివేకం సర్? ఇది భౌతికశాస్త్రం. మీ ఎనిమిదో తరగతి పిల్లల్ని అడిగినా చెబుతారు."

ఒక ఉపాధ్యాయిని నవ్వు ఆపుకోలేకపోయింది. ప్రిన్సిపాల్ గారు ఆమె వైపు చూసి, నా వైపు చూసి, "సరేనండి. నోటీసివ్వండి, తీయించేస్తాను" అన్నారు. సంతకం చేసి ఇచ్చి, ఇక ఒక్క మాట మాట్లాడకుండా తన గదిలోకి వెళ్లిపోయారు. ఎదుటి పక్షం మాటలు లేకుండా పోయిందని నేను సంతోషించాను. కళాశాలలో దాన్ని విజయమనేవారు.

తిరుగు దారిలో కైకలూరులో టీ తాగుతూ బాబాయ్ అన్నారు: "లాయరు గారూ, కేసు గెలిచారు. బాగుందండి. ఆయనడిగిన మాటకి మాత్రం జవాబు చెప్పలేదు."

"చెప్పాను కదా బాబాయ్."

"ఎదురు ప్రశ్నేశారండి. జవాబంటే వేరే."

"నిబంధనల్లో నీళ్లొస్తే ఏం చేయాలో రాయలేదు. నేనేం చెబుతాను?"

"తెలీదని చెప్పొచ్చు కదండి. నాకూ తెలీదు. ముగ్గురం కూర్చుని ఆలోచించేవాళ్లం." గ్లాసు అడుగున మిగిలిన టీని రోడ్డు పక్కకు విసిరి, బండి స్టార్టు చేశారు.

రెండు మార్కులు ఎక్కడ పోయాయో ఆయన అంత సులువుగా చూపించారు. అప్పుడు నాకది ముసలాయన సణుగుడులా వినిపించింది.

పది రోజులకు ప్రిన్సిపాల్ గారు నా ఫోన్‌కు ఫోటోలు పంపారు. గోడ పగలగొట్టిన గుమ్మం, తెరిచిన కన్నాలు, కన్నాలకు కొత్త జాలీ. శుభ్రమైన ఫోటోలు. ఏలూరు నుంచి మళ్లీ అంత దూరం ఎందుకని, ఆ వారం ఇంకా తొమ్మిది చోట్లు చూడవలసి ఉందని, కుర్చీలో కూర్చునే "లోపం సవరించబడింది" అని సంతకం పెట్టి పంపాను. బాబాయ్‌కి చెబితే సబ్బునీళ్ల సీసా మూత బిగించుకున్నారు.

ఆ ఫోటోలు అబద్ధం కావు. తీసిన రోజున అవి నిజమే. ఆ తరువాత వానలు మొదలయ్యాయి.

ఇక ఆ రోజు. వానాకాలం నడుమ, మబ్బు పట్టిన ఉదయం. ఆకివీడులో ఒక హోటలు తనిఖీ పెట్టుకుని, ఎండ రాకముందే ఏలూరులో బయలుదేరాం. కైకలూరు దాటుతుండగా బాబాయ్ ఫోన్ మోగింది. బండి పక్కకు ఆపి, నాకూ వినపడేట్టు స్పీకరు పెట్టారు.

"ఏవండీ, గోడమీద నంబరు మీదేనాండీ? నేను కలిదిండి దగ్గర ఆడపిల్లల బడిలో వంటామెనండి." అటు గొంతు తడబాటు లేకుండా ఉంది. "మూడ్రోజుల్నించి గ్యాసు గది ముందు వాసనొస్తందండి. వంగి ఊడుస్తుంటే వస్తందండి, నిలబడితే లేదండి. ప్రిన్సిపాల్‌గారికి చెప్పానండి. చెరువుల వాసన అంటారండి. ఆయన వంగరు కదండీ."

"ఇవాళ?" అన్నారు బాబాయ్.

"ఇవాళ నిలబడినా వస్తందండి. పొయ్యి వెలిగించలేదు."

బాబాయ్ ముఖం మారిపోయింది. గొంతు మాత్రం మారలేదు. "మంచి పని చేశావమ్మా. ఇప్పుడు చెప్పింది చెప్పినట్టు చెయ్యి. అగ్గిపెట్టె ముట్టుకోవద్దు. ఏ స్విచ్చీ వెయ్యొద్దు, తియ్యొద్దు. గ్యాసు గది తలుపు తియ్యొద్దు. పిల్లలందర్నీ గేటు బయటికి, రోడ్డు మీదికి తీసుకుపో. నువ్వూ ఫోనూ కూడా అక్కడే ఉండండి. మేం వచ్చేస్తున్నాం."

ఆయన బండి నడుపుతుంటే వెనుక కూర్చుని నేను అగ్నిమాపక కేంద్రానికి ఫోన్ చేశాను. ఉన్న బండి వేరే పని మీద వెళ్లిందని, అరగంట పడుతుందని చెప్పారు. తరువాత ప్రిన్సిపాల్ గారికి చేశాను. ఆయన బడి దగ్గర్లోనే ఇంట్లో ఉన్నారు.

"వాసన సంగతి నాకు చెప్పిందండీ ఆవిడ" అన్నారు. "మీరిచ్చిన కాగితం వంటగదిలో అంటించి ఉంది కదా. అదే చూపించాను. లోపం సవరించబడిందని మీరే సంతకం పెట్టారు కదండీ?"

నా జీవితంలో చాలామంది నన్ను ప్రశ్నలడిగారు. అంత నెమ్మదిగా, అంత న్యాయంగా ఎవరూ అడగలేదు. మూడు రోజులు ఒక వంటామె చెప్పిన నిజాన్ని నా సంతకం నోరు మూయించింది. "తప్పు నాదే సర్. వెంటనే రండి. లోపలికి వెళ్లకండి, పిల్లల దగ్గరికి రండి" అన్నాను.

మేం చేరేసరికి పిల్లలు రోడ్డు మీద వరుసగా కూర్చుని ఉన్నారు. కొందరి జడలు సగమే అల్లి ఉన్నాయి. వంటామె వాళ్లను రెండుసార్లు లెక్కపెట్టి, మాకోసం మూడోసారి లెక్కపెడుతోంది. ఆమె వేళ్లకూ మోచేతులకూ మట్టి లేదు గాని, బాబాయ్ అడిగిన మొదటి ప్రశ్నకే తన చేతులవైపు చూసుకుంది.

"అమ్మా, ఆ గది కన్నాలు తెరిచి ఉన్నాయా?"

"లేవండి. వాన ఎక్కువైనప్పుడు మూయమన్నారండి. గోనె సంచుల్లో రేగడిమట్టి పోసి బయట నుంచి నేనే కూరానండి. గుమ్మానికీ అవే సంచులు, మోకాలి దాకా. గట్టేశాం."

గట్టు. కొల్లేరు పక్కన పుట్టినవాళ్లకు నీళ్లొస్తున్నాయంటే చేతులు వాటంతటవే చేసే పని అది. చెరువుకైనా, ఇంటికైనా, బడికైనా ముందు మట్టి తీసి గట్టేస్తారు. నేను ఇటుక గోడ పగలగొట్టించగలిగాను. గట్టు వేసే అవసరాన్ని అలాగే వదిలేశాను. అందువల్ల గట్టు తిరిగి వచ్చింది.

బాబాయ్ దూరం నుంచే బడి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. తిరిగొచ్చాక నేలమీద పుల్లతో గీసి చూపించారు. ఇది గది. ఇటు వరండా, వరండాలో నీళ్ల మోటారు, దానికి కరెంటు రాగానే దానంతటదే వేసుకునే స్టార్టరు. తెల్లవారుజాము నుంచి కరెంటు లేదు, ఏ క్షణానైనా రావచ్చు. మెయిన్ స్విచ్చి కూడా అక్కడే, దాన్ని ముట్టుకోకూడదు. అందుకని గుమ్మం వైపు గట్టు తీస్తే గ్యాస్ నేరుగా మోటారు దగ్గరికే పోతుంది. అటు వెనుక గోడ, కన్నాలు. అవి తెరిస్తే గ్యాస్ చెరువు వైపు జారిపోతుంది. గాలీ అటే వీస్తోంది.

"కరెంటు ఇవ్వొద్దని సబ్‌స్టేషన్‌కి చెబుతామన్నారు ఫైరువాళ్లు" అన్నాను.

"చెప్పారో లేదో మనకెలా తెలుస్తదండి? కన్నాలు తెరవాలి. గడ్డపార వాడకూడదు, నిప్పు రాలుద్ది. చేత్తో లాగాలి. ఒకటే అడ్డం." ఆయన చేయి చెరువు గట్టు వైపు చూపించింది.

గోడకు ఇరవై అడుగుల దూరంలో, చెరువు గట్టుమీద ఒక డీజిలు జనరేటరు నడుస్తోంది. కరెంటు లేనందువల్ల చెరువులోని ఏరేటర్లను, అంటే నీళ్లలోకి గాలి కలిపే చక్రాలను, అదే తిప్పుతోంది. దాని పక్కన రొయ్యల రైతు నిలబడి ఉన్నారు.

ఆ పని నాది. పరుగెత్తకుండా నడవమని బాబాయ్ చెప్పారు. చుట్టూ తిరిగి గట్టుమీదికి చేరాను. విషయం సగం వినగానే రైతు గారు అన్నారు: "ఇంజనాపాలా? మీరేం మాట్లాడతన్నారండీ? ఈ మబ్బులో, ఈ పొద్దున్న పూట నీళ్లలో గాలే ఉండదు. ఇప్పటికే రొయ్య పైపైకొస్తంది. అరగంట ఆపితే చెరువు చెరువంతా తేలిపోద్ది. నాలుగు నెలల పంటండి ఇది."

నా దగ్గర వాదనలు లేకపోలేదు. ప్రాణం గొప్పదా పంట గొప్పదా అని మొదలుపెట్టి ఏడు నిమిషాలు మాట్లాడగలను. ఆయన ముఖం చూస్తే ఆ ఏడు నిమిషాలూ ఆయన వాదిస్తారని, చివరికి వాదన నేనే గెలుస్తానని, అప్పటికి కరెంటు వచ్చేస్తుందని అర్థమైంది.

"మీ పంట పోవచ్చండీ. పోదని నేను చెప్పలేను" అన్నాను. "తప్పు మాది. నేను వచ్చి చూడకుండానే అంతా బాగుందని రాశాను. ఆ గదిలో మూడు రోజులుగా గ్యాస్ నిలవై ఉంది. దాన్ని వదలడానికి మీ వైపు తప్ప దారి లేదు. మీ ఇంజను నడుస్తుంటే వదల్లేం."

ఆయన నన్ను కాదు, గోడను చూశారు. "పిల్లలు బయటికొచ్చేశారా?"

"వచ్చేశారండీ."

"మరి లోపలెవరున్నారు?"

"లోపల ఎవరూ లేరు. గోడ దగ్గర మా మెకానిక్, మీ ఊరి వంటామె. సంచులు లాగడానికి నిలబడి ఉన్నారు."

"ఆవిడెందుకు?"

"ఆవిడే కూరారట. ఎలా వస్తాయో తనకే తెలుసంటున్నారు."

రైతు గారు ఒకసారి చెరువు వైపు చూశారు. వంగి, ఇంజనుకు నూనె అందే తీగను లాగి పట్టుకున్నారు. ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. చెరువులో చక్రాలు ఒక్కొక్కటీ నిలిచాయి. అంతసేపూ వినపడని కప్పలు వినపడ్డాయి. "దూరంగా పదండి" అన్నారాయన. గాలి దారికి పక్కగా ఉన్న గట్టుకు ఇద్దరం నడిచాం.

అక్కడి నుంచి మిగతాది చూశాను. బాబాయ్ అప్పటికే తన ఫోనూ తాళాలూ రోడ్డుమీద వదిలేసి, మేకులున్న చెప్పులు విడిచి, వట్టి కాళ్లతో ఉన్నారు. వంటామె చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది. చెరువు నీళ్లు కడవతో తెచ్చి సంచులను తడిపారు. తరువాత ఆమె గాలికి ఎదురుగా ఒక పక్కన కూర్చుని, మొదటి సంచి మూతిని రెండు చేతులతో పట్టుకుని, మడిలో నారు పీకినట్టు అటూ ఇటూ కదిపి లాగింది. తరువాత రెండోది. మూడోది ఊడి రాలేదు. బాబాయ్ కూడా పట్టాక వచ్చింది. నాలుగోది లాగగానే ఇద్దరూ లేచి గాలివాటుకు ఎదురుగా రోడ్డు దాకా వచ్చేశారు.

గ్యాస్ కంటికి కనపడదు. కానీ కన్నాల ముందున్న గడ్డి మీద గాలి, ఎండలో రోడ్డు మీద ఆవిరి వణికినట్టు వణికింది. అది చెరువు గట్టు దిగి, నీళ్లమీదుగా పలచబడి పోయేదాకా చూశాను. రైతు గారు మాత్రం నీటి అంచును చూస్తూ నిలబడ్డారు. రొయ్యలు పైకి వచ్చి, మీసాలు నీటిపై పెట్టి తిరుగుతున్నాయి.

అగ్నిమాపక సిబ్బంది వచ్చి, తమ మీటరుతో గది చుట్టూ కొలిచి, కరెంటు తీగలు విడదీయించి, లోపలికి వెళ్లవచ్చని చెప్పారు. బాబాయ్ సిలిండర్లు నాలుగింటి వాల్వులూ మూసి బయటికి తెప్పించారు. సబ్బునీళ్లు వేస్తే ఒక సిలిండరు మూతి దగ్గర బుడగలు వచ్చాయి. లోపలి రబ్బరు రింగు పగిలింది. అగ్గిపుల్ల తలంత పగులు. ఇంజను మళ్లీ వేసుకోవచ్చని సిబ్బంది చెప్పగానే రైతు గారు పరుగెత్తారు. ఎంత పంట పోయిందో ఆయన నాకు ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రం దాకా ఇద్దరు మనుషులు గట్టు వెంట వలతో చచ్చిన రొయ్యలను ఎత్తుతుండటం నేనే చూశాను.

ఆ మధ్యాహ్నం బడి మెట్లమీద కూర్చుని నివేదిక రాశాను. ప్రిన్సిపాల్ గారు నా పక్కన వచ్చి కూర్చున్నారు. ఉదయం నుంచి ఆయన ఏమీ తినలేదు. "మట్టి సంచులు నేనే పెట్టించాను. అదే రాయండి" అన్నారు.

"రాశాను సర్. దానిపైన నా పేరు కూడా రాశాను. చూడకుండా సంతకం పెట్టిన విషయం."

"అది రాయకపోతే ఎవరికీ తెలియదు కదండీ."

"మీ వంటామెకు తెలుసు."

ఆయన గ్యాస్ గది వైపు తిరిగారు. "అప్పుడు మిమ్మల్నొకటి అడిగాను. ఇప్పుడూ అదే అడుగుతున్నాను. నీళ్లొస్తే ఎక్కడ పెట్టమంటారు?" అన్నారు.

"నాకు తెలియదు సర్" అన్నాను. ఆ మాట అనడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మెట్లకింద నిలబడి టీ తాగుతున్న రైతు గారు వెనక్కి తిరిగారు. "ఇదేవన్నా పెద్ద సంగతాండీ? చెరువు కాపలా అతన్ని ఎక్కడ పడుకోబెడతాం? మంచె మీద. మనిషిని మంచెక్కించే ఊళ్లో గ్యాసుని గదిలో దాచారేంటండీ మీరు?"

బాబాయ్ అప్పటికే పుల్లతో నేలమీద గీయడం మొదలుపెట్టారు. వంటగదికి దూరంగా, కిందటేటి వరద మట్టానికి పైన, సిమెంటు స్తంభాలమీద అరుగు. నాలుగు పక్కలా జాలీ, పైన రేకు. సిలిండర్లు తేలిపోకుండా గొలుసు. "మెట్లు కాదండి, వాలు పెట్టండి. నిండు బండ మోయాల్సింది మేం కదండీ" అంది వంటామె. బాబాయ్ మెట్లు చెరిపి వాలు గీశారు. నిబంధనల పుస్తకంతో పోల్చి చూశాను. అభ్యంతరపెట్టడానికి ఒక్క వాక్యమూ దొరకలేదు.

నివేదికలో నా గురించి రాసిన పేరా తీసేయమని ఏజెన్సీ మేనేజరు గారు రెండుసార్లు చెప్పారు. ఏజెన్సీకి మాట వస్తుందన్నారు. తీసేస్తే ఆ తప్పు ప్రిన్సిపాల్ గారి ఒక్కరి మీదికే పోతుందని, అది నిజం కాదని చెప్పి, తీయలేదు. మూడు నెలలు నా సంతకం అధికారం తీసేశారు. ఆ మూడు నెలలూ బాబాయ్‌కి సహాయకురాలిగా సబ్బునీళ్ల సీసా మోశాను. "లాయరు గారూ, సీసా కిందపెట్టకండి, కారుద్ది" అనేవారు. ఆ రోజుల్లో ప్రతి బడిలో, ప్రతి హోటల్లో, ముందు వంటవాళ్లను అడగడం, వాళ్లు ఊడ్చే ఎత్తుకు వంగి చూడడం నేర్చుకున్నాను. మీకు శిక్షణలో ఇది చెప్పరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

సంతకం అధికారం తిరిగి వచ్చిన వారంలోనే కొల్లేరు పొంగింది. ఒక ఉదయం ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. "మేడం, అరుగు పూర్తయి పదిహేను రోజులైంది. గ్యాస్ పైకెక్కించాం. ఈసారి ఫోటో పంపనండి. రోడ్డు మీద మోకాళ్లలోతు నీళ్లున్నాయి. వస్తారా?"

వెళ్లాం. చివరి రెండు కిలోమీటర్లూ రైతు గారి ట్రాక్టరు మీద. దారిలో ఆయన చెరువు గట్లకు ఎక్కడెక్కడ మట్టి వేయించారో చూపించారు తప్ప, ఆ పంట ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

బడి ఆవరణంతా నీళ్లు. పాత గ్యాస్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. నీళ్లు ఒక పక్క నుంచి వచ్చి కన్నాల్లోంచి బయటికి పోతున్నాయి. అరుగు స్తంభాలు సగం దాకా మునిగాయి. పైన నాలుగు సిలిండర్లు గొలుసుతో కట్టి పొడిగా ఉన్నాయి. వంటగదిలోంచి అన్నం వార్చిన వాసన వస్తోంది. వాలు మీద వంటామె నా చేయి పట్టుకుని ఎక్కించింది.

బాబాయ్ నాలుగు మూతుల మీదా సబ్బునీళ్లు వేశారు. బుడగల్లేవు. ప్రిన్సిపాల్ గారు కాగితం, కలం పట్టుకుని గొడుగు కింద నిలబడ్డారు. నేను కాగితం అందుకోలేదు. అరుగు మీద మోకాళ్లు ఆనించి, నేలకు ముఖం ఆనేంతగా వంగాను.

"ఏవొస్తందమ్మా?" అంది వంటామె.

"చెరువుల వాసనే పిన్నిగారూ."

"అదెప్పుడూ ఉండేదేలెండి" అందామె. అప్పుడు లేచి, ప్రిన్సిపాల్ గారి చేతిలోంచి కాగితం తీసుకున్నాను.